పంచదార ఎంతుందో ప్యాకెట్టు ముందు వైపున, తెలుగులో రాయించండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) అధ్యక్షుల వారికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ, విద్యాశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రులకు, రెండు రాష్ట్రాల ఫుడ్ సేఫ్టీ కమిషనర్లకు బహిరంగ లేఖ.

నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. గత విద్యాసంవత్సరంలో మా తొమ్మిదో తరగతి పిల్లలు తాము తినే ప్యాకెట్ల మీద ఒక ప్రాజెక్టు చేశారు. బడి ముందు కొట్లలో దొరికేవీ, ఇళ్ళల్లో వాడేవీ ఖాళీ ప్యాకెట్లు తెచ్చి, వెనకున్న సన్నటి అక్షరాలను భూతద్దం పెట్టి చదివి, దేంట్లో పంచదార ఎంతుందో చార్టు మీద రాశారు. ఆ చార్టు నకలు, తల్లిదండ్రుల సంతకాలతో ఒక అర్జీ కలిపి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. తీసుకున్నట్టు రసీదు ఇచ్చారు. తర్వాత ఫోన్ చేస్తే "పైకి పంపాం" అన్నారు, మరోసారి చేస్తే "అది మా పరిధిలోది కాదండీ" అన్నారు. ఆన్‌లైన్లో పెట్టిన ఫిర్యాదు పరిష్కారమైనట్టు చూపించి మూసేశారు. ఏం పరిష్కరించారో చెప్పినవాళ్ళు లేరు. పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు, "మేడమ్, ఏమన్నారు?" అని. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి మీకే నేరుగా, అందరూ చదివేలా రాస్తున్నాను.

మేము అడిగేది పెద్ద కోరిక కాదు. పంచదార మానెయ్యండి అని మాకు డాక్టర్లు చెప్తారు, టీవీలో చెప్తారు, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త చెప్తుంది. మా జనం వినడం లేదనుకోకండి, వింటున్నారు. మా ఊళ్ళో టీలో పంచదార మానేసినవాళ్ళు బోలెడుమంది, పండగ పూట అరిసె కూడా ముట్టనివాళ్ళున్నారు. కానీ చప్పటి టీలో ముంచుకునే రస్కులో పంచదార ఉందని వాళ్ళకి తెలీదు, బలానికని తెచ్చుకునే గోధుమ బిస్కెట్లో ఉందని తెలీదు, ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్తూ పట్టుకెళ్ళే టెట్రా ప్యాకెట్టు జ్యూసులో ఉందని తెలీదు. సాస్‌లో, బ్రెడ్డులో, పొద్దున్నే పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్‌లో కూడా ఉంటుందని అసలే తెలీదు. చెంచాతో వేసుకునేది కళ్ళకి కనపడుతుంది కాబట్టి మానేశారు. ఫ్యాక్టరీలో కలిపి పంపేది కనపడాలంటే దాన్ని రాయించాల్సింది మీరు.

విషయాలు ఒక్కొక్కటిగా చెప్తాను.

1. లేబుల్ మాకు రాని భాషలో ఉంది.

2020 నాటి మీ లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే సరిపోతుంది. వేరే భాష అదనంగా వేసుకోవచ్చు, వెయ్యాలన్న నిర్బంధం లేదు. కంపెనీలు నిర్బంధం లేనిది ఎందుకు వేస్తాయి? మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది మిర్చి కోతకీ పత్తి తీతకీ వెళ్ళేవాళ్ళు. తెలుగు కూడబలుక్కుని చదవగలిగినవాళ్ళు కొందరున్నారు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు చాలా తక్కువ. ఇదే కంపెనీలు తమ ప్రకటన మాత్రం మా బస్టాండు గోడ మీద ఇంత పెద్ద తెలుగు అక్షరాల్లో రాయిస్తాయి, టీవీలో చక్కటి తెలుగులో పాట పాడిస్తాయి. కొనమని తెలుగులో చెప్పగలిగినవాళ్ళు అందులో ఏముందో కూడా తెలుగులో చెప్పగలరు. రెండు రాష్ట్రాలు కలిపితే ఎనిమిది కోట్ల పైచిలుకు జనం ఉన్న మార్కెట్టు ఇది. వేరే రేపరు అచ్చువేయించడం కష్టం అనే మాట వినాల్సిన అవసరం మీకు లేదు.

2. రాసిన లెక్క కూడా మాకు తక్కువ చేసి చూపిస్తోంది.

ఇది పిల్లలు పట్టుకున్న విషయం, నాకు చాలా ముఖ్యమనిపించింది. ప్యాకెట్టు వెనక పోషకాల పట్టికలో, అదనంగా కలిపిన పంచదార రోజుకి ఉండదగిన దాంట్లో ఎంత శాతమో వేస్తారు. ఆ శాతం కట్టడానికి మీ నిబంధన పెట్టుకున్న కొలత రోజుకి 50 గ్రాములు. మరి మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కిందే పనిచేసే సంస్థ, 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఏం చెప్పింది? రోజుకి 20 నుంచి 25 గ్రాములు మించొద్దంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో, మొత్తం శక్తిలో పది శాతం లోపు ఉంచుకోమని, ఐదు శాతం లోపుకి, అంటే సుమారు 25 గ్రాములకి దించుకుంటే ఇంకా మేలని చెప్పింది. అంటే ఒక పిల్లాడు 20 గ్రాముల పంచదార ఉన్న ప్యాకెట్టు తింటే లేబుల్ మీద 40 శాతం అని ఉంటుంది, తార్నాక లెక్కలో అది కనీసం 80 శాతం. రెండూ ప్రభుత్వ సంస్థలే. వీటిలో ఏది నమ్మమని క్లాసులో చెప్పాలి?

దీనికి తోడు "సర్వింగ్" అని ఇంకో లెక్క. నాలుగు బిస్కెట్లకో, గుప్పెడు చిప్సుకో లెక్క వేసి చిన్న అంకె చూపిస్తారు. పిల్లలు ప్యాకెట్టు చింపితే మొత్తం తింటారు, పక్కవాడికి పెట్టింది పోగా. పదార్థాల జాబితాలో పంచదార ఒక్క పేరుతో ఉండదు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్‌వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్ అని విడివిడిగా ఉంటుంది, పక్కనే మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా ఉంటుంది. ఇది తియ్యగా ఉండకపోయినా ఒంట్లో త్వరగా గ్లూకోజుగా మారుతుంది. బరువును బట్టి వరసగా రాయాలనే నిబంధన ఉంది కాబట్టి, ఇలా విడదీస్తే పంచదార జాబితాలో కిందికి పోతుంది. జీవశాస్త్రం చదువుకున్న నాకే ఒక్కో ప్యాకెట్టుకి ఇంత సేపు పట్టింది, కొట్టు ముందు నిలబడ్డ మనిషికి ఎలా సాధ్యం?

కూల్‌డ్రింకు లెక్క మాత్రం సులువు. మామూలు కోలా డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకి పదిన్నర గ్రాముల పైన పంచదార ఉంటుంది. పావు లీటరు సీసా తాగితే 26 గ్రాములు, ఐదు చెంచాలు, ఆ రోజు కోటా అయిపోయినట్టే. ఇంటికెళ్ళి ఇంకేం తినకూడదన్నమాట.

3. ముందు వైపు హెచ్చరిక ఎప్పుడొస్తుంది?

2022 సెప్టెంబర్లో మీరు ఒక ముసాయిదా తెచ్చారు. ప్యాకెట్టుకి అర నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తామన్నారు. 2024 జులైలో పంచదార, ఉప్పు, సంతృప్త కొవ్వుల వివరాలు బోల్డ్ అక్షరాల్లో, పెద్ద సైజులో వేయించే ప్రతిపాదనకి ఆమోదం తెలిపారు. 2025 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఈ విషయం మీద వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని ముగిస్తూ, మూడు నెలల్లో నిపుణుల కమిటీ సిఫారసులు తయారుచెయ్యాలని చెప్పింది. ముసాయిదా మీద 14 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయని అప్పుడు కోర్టుకి చెప్పారు. ఆ గడువు తర్వాత పొడిగించుకున్నారు. ఇన్నేళ్ళలో మేము కొట్టుకి వెళ్ళి కొనే ప్యాకెట్టు మీద మారిందేంటి?

నక్షత్రాల పద్ధతి మాకొద్దు. ఎందుకో చెప్తాను. మా పిల్లలకి స్టార్ అంటే మెచ్చుకోలు, నేను వాళ్ళ నోటుపుస్తకంలో వేసేది అదే. పంచదార దండిగా ఉన్న బిస్కెట్టుకి కాస్త పీచు, కాస్త ప్రోటీను కలిపితే లెక్కలో మార్కులు కలిసి రెండు స్టార్లో రెండున్నరో వస్తాయి, చూసినవాళ్ళు "పర్లేదు, మంచిదే" అనుకుంటారు. చిలీ దేశంలో 2016 నుంచి ప్యాకెట్టు ముందు నల్లటి అష్టభుజి గుర్తు వేసి "పంచదార ఎక్కువ" అని సూటిగా రాయిస్తున్నారు. పిల్లల మీద గురిపెట్టే ప్రకటనలనూ, బడుల్లో అమ్మకాలనూ దాంతోపాటే ఆపారు. అక్కడ తీపి పానీయాల కొనుగోళ్ళు దాదాపు నాలుగో వంతు తగ్గాయని పరిశోధకులు చూపించారు. మెక్సికో 2020లో అదే దారి పట్టింది.

ఇంత దూరం పోనక్కర్లేదు, మన దగ్గరే రుజువుంది. శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క ఉండాలని మన దేశంలో ఎప్పుడో నిబంధన పెట్టారు. ఈ రోజు సంతకం పెట్టడం రాని అవ్వ కూడా ప్యాకెట్టు తిప్పి చూసి పచ్చ చుక్క ఉందో లేదో చెప్పేస్తుంది. గుర్తు తేలిగ్గా ఉండి, అన్ని ప్యాకెట్ల మీదా ఒకేలా ఉంటే జనం నేర్చుకుంటారు. పంచదారకీ అలాంటిది ఒకటి కావాలి.

4. విరేచనాలైన పిల్లలకి తీపి నీళ్ళు.

ఈ విషయంలో హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. విరేచనాలప్పుడు ఒంట్లోంచి పోయిన నీరూ లవణాలూ తిరిగి రావడానికి తాగించే నీళ్ళని ఓఆర్ఎస్ అంటారు. మెడికల్ షాపులో ఆ ఓఆర్ఎస్ అనే మాట పేరులో పెట్టుకుని టెట్రా ప్యాకెట్లు అమ్మేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్ళకి గ్లూకోజు 13.5 గ్రాములే, దాంతో పాటు కొలత ప్రకారం ఉప్పు, పొటాషియం క్లోరైడు, సిట్రేటు. ఆ టెట్రా ప్యాకెట్లలో పంచదార దానికి ఎన్నో రెట్లు. తీపి ఎక్కువైతే పేగుల్లోకి నీరు ఇంకా లాక్కుని విరేచనాలు పెరుగుతాయి, తగ్గవు. ఆవిడ తెలంగాణ హైకోర్టుకి వెళ్ళారు, మీకు రాశారు, జనంలోకి వెళ్ళి చెప్పారు. చివరికి 2025 అక్టోబర్ 14న మీరు ఆ ఫార్ములా లేని డ్రింకుల పేరులో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశం ఇచ్చారు. దానికి మీకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. కానీ ఒక డాక్టరమ్మ తన ప్రాక్టీసు మధ్యలో, కన్నీళ్ళు పెట్టుకుని, అన్నేళ్ళు తిరిగితే గానీ ఆ ఒక్క మాట తీయించలేకపోయారు. ప్రతి మోసపు పేరుకీ ఇలా ఒకరు బతుకంతా పెట్టాలా? పల్లెల్లో మందుల కొట్లలో పాత సరుకు ఇంకా ఉందో లేదో చూసే మనిషి కూడా కావాలి.

5. పసిపిల్లల తిండిలో పంచదార.

రెండేళ్ళ లోపు పిల్లలకి పంచదార, ఉప్పు ఎక్కువున్న తిండీ, తీపి పానీయాలూ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో కూడా చెప్పింది. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండుకి చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, మన దేశంలో నెస్లే కంపెనీ అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కో పూటకి సగటున దాదాపు మూడు గ్రాముల అదనపు పంచదార ఉందనీ, అదే కంపెనీ జర్మనీ, బ్రిటన్లలో అలాంటివి పంచదార లేకుండా అమ్ముతోందనీ బయటపెట్టింది. కొన్నేళ్ళుగా పంచదార తగ్గించుకుంటూ వస్తున్నామని కంపెనీ చెప్పింది. నేను అడిగేది కంపెనీని కాదు, మిమ్మల్ని. వాళ్ళ పిల్లలకి వద్దన్నది మన పిల్లలకి ఎందుకు సరిపోయింది? మన నిబంధన అనుమతించింది కాబట్టి.

ఇదే మాట ప్రభుత్వానికీ చెప్పాలి. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు పంచదార కూడా ఉంది. బరువు తక్కువున్న పిల్లలకి శక్తి కావాలి, అది నాకు తెలుసు, ఎన్నో ఇళ్ళల్లో ఆ ప్యాకెట్టే పిల్లకి ఆధారం, దాన్ని ఆపమని నేను అననే అనను. శక్తి పంచదార నుంచి కాక వేరుశనగ, నువ్వులు, పప్పు, పాల నుంచి ఎక్కువ వచ్చేలా దాన్ని మార్చడానికి తార్నాక నిపుణులు మీకు కూతవేటు దూరంలో ఉన్నారు.

పాలల్లో కలిపే పొడుల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, "హెల్త్ డ్రింకు" అనే విభాగమే చట్టంలో లేదు, ఆన్‌లైన్ అమ్మకందార్లు అలా చూపించొద్దని చెప్పింది. ఆన్‌లైన్లో తీశారు సరే, మా ఊరి కొట్లో ఇప్పటికీ అది బలానికి, ఎత్తు పెరగడానికి అనే చెప్పి అమ్ముతారు. కూలి డబ్బుల్లో మిగుల్చుకుని, గుడ్లు మానేసి ఆ డబ్బా కొనే తల్లులున్నారు.

6. బడి గేటు ముందు.

బడిలోపలా, గేటు నుంచి ఏ దిక్కున చూసినా 50 మీటర్ల లోపలా పంచదార, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో మీరే నిబంధన తెచ్చారు. దాన్ని అమలు చేసిన బడి మా మండలంలో నేను చూడలేదు. ఆ కొట్లు పెట్టుకున్నవాళ్ళు కోటీశ్వరులు కాదు, మా పిల్లల బంధువులే. వాళ్ళ మీద జరిమానాలు వేసి వెళ్ళిపొమ్మని నేను కోరడం లేదు. వాళ్ళు గుగ్గిళ్ళు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జామకాయలు, చిలకడదుంపలు, కాలాన్ని బట్టి తేగలు, ముంజలు, రేక్కాయలు అమ్మితే పిల్లలు కొంటారు, మేము చూశాం. అలా అమ్మేవాళ్ళకి మహిళా సంఘాల ద్వారా చిన్న అప్పు ఇప్పించండి, నీడకి ఒక గొడుగు ఇప్పించండి.

2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిటిలో పంచదార బోర్డులు పెట్టమంది. దేంట్లో ఎంత పంచదార ఉందో, రోజుకి ఎంత తినొచ్చో పిల్లలకి కనపడేలా రాసే బోర్డులవి. మంచి పని. మావి రాష్ట్ర సిలబస్ బడులు, ఆ ఆదేశం మాకు రాదు. మేము మా చార్టునే గోడకి అతికించుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి మధ్యాహ్న భోజన పథకంలో రాగిజావ చేర్చారు, దాన్ని నేను మెచ్చుకుంటాను, మొదట్లో మూతి ముడిచిన పిల్లలే తర్వాత రెండో గ్లాసు అడిగారు. అందులో బెల్లం పాళ్ళు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తే నాలుక కూడా అలవాటు పడుతుంది.

7. ధరలు.

2025 సెప్టెంబర్ 22 నుంచి గ్యాసున్న కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. బాగుంది. కానీ అదే రోజు నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద 18 నుంచి 5 శాతానికి, గ్యాసులేని పండ్లరసం డ్రింకుల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ప్యాకెట్టు కట్టి లేబులేసిన రాగిపిండి మీద కూడా 5 శాతమే. పంచదార కలిపిన మామిడి డ్రింకుకీ రాగిపిండికీ ఒకే పన్ను అంటే ప్రభుత్వం దృష్టిలో రెండూ ఒకటే అని జనానికి చెప్పినట్టు. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి డ్రింకులో పంచదార ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పన్ను వేశారు. పన్ను మొదలవక ముందే చాలా కంపెనీలు పంచదార తగ్గించేశాయి. మన దగ్గర గ్యాసుందా లేదా అని చూస్తున్నారు, పంచదార ఎంతని చూడటం లేదు. జీఎస్టీ కౌన్సిల్లో మన రెండు రాష్ట్రాల మంత్రులూ కూర్చుంటారు, ఈ మాట అక్కడ ఎత్తండి.

8. బెల్లం, "షుగర్ ఫ్రీ", ఇంకా కొన్ని.

డాక్టర్లకీ, ఆరోగ్య కార్యక్రమాలు చేసే టీవీలవాళ్ళకీ, యూట్యూబువాళ్ళకీ కూడా ఇక్కడ ఒక మాట. షుగరున్నవాళ్ళకి పంచదార బదులు బెల్లం, తేనె వాడుకోవచ్చని చెప్పడం ఆపండి. బెల్లంలో కాస్త ఖనిజాలు ఉంటే ఉండొచ్చు, అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. రక్తంలో గ్లూకోజు పెంచడంలో పెద్ద తేడా లేదు. "షుగర్ ఫ్రీ" అని రాసిన బిస్కెట్లో మైదా ఉంటుంది, ఆ మైదా కూడా లోపలికెళ్ళి గ్లూకోజే అవుతుంది. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. ఇంకొకటి, పంచదార ఒక్కటి మానేసి మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం కొండలా పెట్టుకుంటే లాభం సగమే. కంచంలో అన్నం తగ్గి పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ పెరగాలి. పెరగాలంటే రేషన్‌లో కందిపప్పు, రాగులు, జొన్నలు ప్రతి నెలా క్రమం తప్పకుండా దొరకాలి, ఒక నెల వచ్చి మూడు నెలలు కనపడకుండా పోతే అలవాటు నిలబడదు.

ఇక దీని ఫలితం ఎవరి మీద పడుతోందో చెప్తాను, ఎందుకంటే ఇదంతా లేబుళ్ళ గొడవలాగా కనపడొచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అచ్చయింది, దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ అందులో ఉంది. మన దేశ రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని తార్నాక మార్గదర్శకాల పుస్తకం చెప్పింది. పంచదార ఒక్కటే షుగరు తెప్పిస్తుందని నేను చెప్పను. వంశం ఉంది, పని తగ్గడం ఉంది, తెల్లన్నం ఉంది, నిద్ర, టెన్షన్ ఉన్నాయి. కానీ వీటిలో రేపు పొద్దున ఒక ఉత్తర్వుతో మార్చగలిగింది ప్యాకెట్టు మీద రాత ఒక్కటే.

మా దగ్గర షుగరంటే ఇలా ఉంటుంది. కూలికెళ్ళే ఆడమనిషికి కాళ్ళలో స్పర్శ పోతుంది. పత్తిచేలో మోడు గుచ్చుకున్నా తెలీదు. రాత్రికి వాపు చూసుకుంటుంది, పసుపు అద్దుకుంటుంది, వారం పోయాక ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తుంది, ఇంకో నెలకి గుంటూరు పెద్దాసుపత్రిలో వేలు తీసెయ్యాలంటారు. వేలు పోయిన మనిషి మళ్ళీ చేలో పొద్దంతా నిలబడలేదు. పీహెచ్‌సీలో షుగరు తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు, ఇంట్లో షుగరెంతుందో చూసుకోవడానికి స్ట్రిప్పులు మాత్రం కొనుక్కోవాలి, అందుకని చూసుకోరు. కిడ్నీల దాకా వస్తే డయాలసిస్‌కి తోడుగా వెళ్ళే మనిషి కూలి కూడా పోతుంది. ఆ తోడు మనిషి చాలాసార్లు మా బడిలో చదివే పెద్దపిల్ల. వారంలో ఆ రోజుల్లో తన బెంచీ ఖాళీగా ఉంటుంది. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది, ఆ పిల్ల పోగొట్టుకున్న పాఠం ఎవరు భరిస్తారు?

పళ్ళ సంగతి వేరే చెప్పాలా? ఆరో తరగతిలో చేరేసరికే దవడ పళ్ళు పుచ్చి, ఒకవైపే నమిలే పిల్లలు ప్రతి ఏడూ వస్తున్నారు. పంటినొప్పితో పిల్లాడు పాఠం ఎలా వింటాడు?

మా డిమాండ్లు ఇవి:

1. అదనంగా కలిపిన పంచదార ఎక్కువున్న ప్రతి ప్యాకెట్టు మీదా ముందు వైపున హెచ్చరిక గుర్తు తప్పనిసరి చెయ్యాలి. నక్షత్రాలు వద్దు. ఎంత దాటితే "ఎక్కువ" అనే హద్దు కంపెనీలతో బేరమాడి కాకుండా, పోషకాహార నిపుణులు చెప్పినట్టు పెట్టాలి. తుది నోటిఫికేషన్‌కి తేదీ ప్రకటించాలి.

2. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమ్మే ప్యాకెట్ల మీద ఆ హెచ్చరిక, పంచదార మొత్తం, తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగే సైజులో ఉండాలి. మొత్తం ప్యాకెట్టులో ఎన్ని చెంచాలో వెయ్యండి, గ్రాముల కన్నా అది అందరికీ తెలుస్తుంది. ఇతర రాష్ట్రాల్లో వాళ్ళ భాషల్లో.

3. శాతం కట్టే కొలతని 50 నుంచి 25 గ్రాములకి దించాలి.

4. రెండేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే తిండిలో అదనపు పంచదార నిషేధించాలి. బాలామృతం ఫార్ములాని తార్నాక సంస్థతో సమీక్ష చేయించి, ఆ నివేదిక బయటపెట్టాలి.

5. వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేలోగా 50 మీటర్ల నిబంధన ఎవరు అమలు చెయ్యాలో, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ప్రతి బడి గోడ మీద పేరూ ఫోన్ నంబరుతో రాయించాలి. రాష్ట్ర సిలబస్ బడులకి కూడా పంచదార బోర్డుల ఉత్తర్వు ఇవ్వాలి, పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వాటిని తెలుగులో తయారుచేసి పంపాలి.

6. పన్ను పంచదార పాళ్ళని బట్టి వెయ్యాలి. చిరుధాన్యాల పిండి మీద పన్ను ఎత్తెయ్యాలి, ప్యాకెట్టులో ఉన్నా సరే.

7. ఫిర్యాదుని మూసేసేటప్పుడు ఏం చేశారో ఫిర్యాదు చేసినవాళ్ళకి రాతపూర్వకంగా, వాళ్ళ భాషలో చెప్పాలి. పరిధి కాకపోతే ఎవరి పరిధో చెప్పాలి.

తల్లిదండ్రులకి, తోటి టీచర్లకి, కొట్లవాళ్ళకి: ఇందులో మీకు సరైనదనిపించిన డిమాండు ఒక్కటి తీసుకునైనా మీ ఎమ్మెల్యేకి, మీ జిల్లా కలెక్టరేట్లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి. మా చార్టు ఎవరికి కావాలన్నా పిల్లలు ఇంకో కాపీ రాసిస్తారు.

ఆ పిల్లలు ఇప్పుడు పదో తరగతి. వచ్చే మార్చిలో పరీక్షలు రాసి బడి వదిలి వెళ్ళిపోతారు. వెళ్ళేలోపు వాళ్ళ అర్జీకి ఒక జవాబు పంపండి, తెలుగులో.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
పల్నాడు జిల్లా